సముద్రం పులుపెక్కడం: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కెమిస్ట్రీ టీచర్‌ని. కూకట్‌పల్లి చుట్టుపక్కల బడుల్లో, అప్పుడప్పుడు అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ హాళ్లలో వాతావరణ మార్పు గురించి మాట్లాడుతుంటాను. ఎండలు, వరదలు, బోర్లు ఎండిపోవడం గురించి అందరికీ సొంత అనుభవం ఉంటుంది కాబట్టి అక్కడ నన్ను పెద్దగా ఏమీ అడగరు. సముద్ర ఆమ్లీకరణ, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి సముద్రం పులుపెక్కడం, అనగానే మాత్రం చేతులు లేస్తాయి. ఏ హాలుకు వెళ్లినా ఇంచుమించు అవే ప్రశ్నలు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసి విసుగొచ్చి, అన్నీ ఒకచోట పెట్టాను. మీ సందేహం దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. దేనికదే పూర్తి జవాబు.

## మొదట వినగానే వచ్చే సందేహాలు

సముద్రం మొత్తం యాసిడ్ అయిపోతుందా సార్?

కాదు. సముద్రపు నీటికి ఇప్పటికీ కొద్దిగా క్షార గుణమే ఉంది. ఈ శతాబ్దం చివరికి కూడా ఉంటుంది. పరిశ్రమలు రాకముందు ఉపరితల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలను కొలిచే అంకె) సగటున 8.2 దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు 8.1కి కాస్త కిందికి వచ్చింది. బొగ్గు, పెట్రోలు ఇదే జోరుగా కాలిస్తే 2100 నాటికి 7.8 దాకా దిగొచ్చని అంచనా. 7 అయితే తటస్థం, అంతకన్నా తగ్గితేనే ఆమ్లం.

మరి ఆమ్లీకరణ అనడం ఎందుకంటే, ఆ మాట చెప్పేది చేరిన చోటు కాదు, వెళ్తున్న దిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కినవాడు ఇంకా చౌటుప్పల్ దాటకపోయినా 'విజయవాడ వెళ్తున్నాడు' అనే అంటాం కదా.

పీహెచ్ 0.1 తగ్గితే ఇంత గొడవెందుకు?

పీహెచ్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. ఒక అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు. ఆ లెక్కన 0.1 తగ్గడమంటే నీటిలో హైడ్రోజన్ అయాన్లు దాదాపు 26 శాతం పెరగడం. 8.2 నుంచి 7.8కి దిగితే రెండున్నర రెట్లు.

ఇంకో పోలిక చెబితే హాల్లో గుసగుసలు ఆగిపోతాయి. మన రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. మొత్తం వెసులుబాటే 0.1. అది దాటితే ఆస్పత్రి. సముద్ర జీవులన్నీ అంత సున్నితం కావు గానీ, 0.1 చిన్న సంఖ్య కాదని చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

కార్బన్ డయాక్సైడ్ గాలిలో ఉంటుంది కదా, నీళ్లలోకి ఎలా పోతుంది?

సోడాలోకి ఎలా పోతుందో అలాగే. సోడా బండివాడు ఒత్తిడి పెట్టి ఎక్కిస్తాడు. సముద్రం మీద గాలి తనంతట తానే, నెమ్మదిగా, పగలూ రాత్రీ ఎక్కిస్తుంది. గాలిలో ఈ వాయువు ఒకప్పుడు పది లక్షల పాళ్లలో 280 పాళ్లుండేది. ఇప్పుడు 420 దాటింది. పైన ఎక్కువైన కొద్దీ నీళ్లలోకీ ఎక్కువ దిగుతుంది. మనం ఏటా వదిలే దానిలో దాదాపు నాలుగో వంతు సముద్రమే మింగుతోంది. అంటే ఏడాదికి సుమారు 1,000 కోట్ల టన్నులు.

నీళ్లలో కలిశాక అది కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. మన పాత పాఠ్యపుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను 'బొగ్గుపులుసు వాయువు' అనేవారు. పిల్లలు నవ్వుకునే ఆ పేరులోనే విషయమంతా ఉంది: బొగ్గు నుంచి వచ్చేది, నీళ్లలో కలిస్తే పులుపెక్కించేది. ఆ పేరు వదులుకోవడం నాకైతే నష్టమే అనిపిస్తుంది.

ఎండలో పెడితే సోడాలో గ్యాస్ పోతుంది. సముద్రం వేడెక్కుతుంటే గ్యాస్ బయటికి రావాలి కదా, లోపలికెలా పోతోంది?

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది.

వేడి నీళ్లు వాయువును తక్కువ పట్టుకుంటాయన్నది నిజమే. వేడెక్కడం వల్ల సముద్రం మింగే శక్తి కొంత తగ్గుతోంది కూడా. కానీ గాలిలో ఈ వాయువు సగం మేర పెరిగిపోయింది. ఆ తోపుడు ముందు ఒక డిగ్రీ వేడి ప్రభావం చిన్నది. జాతరలో గుడి ద్వారం కాస్త ఇరుకైనా బయట జనం ఒత్తిడి పెరిగితే లోపలికి వెళ్లేవాళ్లు ఎక్కువే ఉంటారు. ముందు ముందు ద్వారం ఇంకా ఇరుకైతే సముద్రం మింగలేనిది గాలిలోనే మిగులుతుంది. అది మనకు ఇంకో తలనొప్పి.

ఇది ఆమ్ల వర్షం లాంటిదేనా?

కాదు. ఆమ్ల వర్షానికి మూలం గంధకం, నత్రజని ఆక్సైడ్లు. చార్మినార్ గచ్చు పనిని బండ్ల పొగ తినేస్తోందని చదువుతుంటాం కదా, అందులో పెద్ద పాత్ర వాటిదే. సముద్ర ఆమ్లీకరణలో ప్రధాన దోషి కార్బన్ డయాక్సైడ్. గంధకాన్ని పొగ గొట్టం దగ్గర వడకట్టే పరికరాలున్నాయి, చాలా దేశాలు పెట్టుకున్నాయి కూడా. కార్బన్ డయాక్సైడ్‌కు అంత సులువైన జల్లెడ లేదు.

ఓజోన్ రంధ్రం, ప్లాస్టిక్, ఇదీ అన్నీ ఒకటేగా?

మూడూ వేరు. ఓజోన్‌ది ఫ్రిజ్ గ్యాసుల కథ. ప్లాస్టిక్ చెత్త సమస్య, పీహెచ్‌తో దానికి చెప్పుకోదగ్గ సంబంధం లేదు.

ఈ సంగతి ఎప్పుడు బయటపడింది?

కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో ఆమ్లం అవుతుందని కెమిస్ట్రీకి ఎప్పటి నుంచో తెలుసు. సముద్రంలో అది జరుగుతోందని చూపిన వరుస కొలతలు హవాయి దగ్గర, బెర్ముడా దగ్గర 1988 నుంచి ఉన్నాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ గీత పైకి వెళ్తుంటే నీళ్లలో పీహెచ్ గీత కిందికి దిగడం ఆ రెండు చోట్లా కనిపిస్తుంది. 'సముద్ర ఆమ్లీకరణ' అన్న పేరు 2003లో కెన్ కాల్డీరా, మైకేల్ వికెట్ రాసిన పరిశోధన పత్రంతో వాడుకలోకి వచ్చింది. 2005లో బ్రిటన్ రాయల్ సొసైటీ నివేదిక ఇచ్చాక ప్రభుత్వాలు పట్టించుకోవడం మొదలైంది. ఐక్యరాజ్య సమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 14.3 దీని గురించే.

## గుల్లలు, పగడాలు, చేపలు

గవ్వలు, ఆల్చిప్పలు నీళ్లలో కరిగిపోతాయా?

ఎక్కువగా తప్పు అర్థమయ్యేది ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మా పాత ఇంట్లో తాండూరు బండలుండేవి. ఒక పండగ ముందు రోజు బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసా నా చేతిలోంచి జారి హాల్లో ఒలికింది. బుస్సున నురగ లేచింది, బండ మీద తెల్ల మచ్చ పడింది. ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ మచ్చ మీద చాప వేసి దాచాం. తాండూరు బండ సున్నపురాయి. ఆల్చిప్ప, గవ్వ, శంఖం, పగడం అన్నీ అదే పదార్థం: కాల్షియం కార్బనేట్. వెనకటికి ఆల్చిప్పలను కాల్చే గుల్ల సున్నం చేసేవారు. అందుకే చాలామంది సముద్రంలో కూడా గుల్లలు అలా బుసబుసా కరుగుతాయని ఊహించుకుంటారు.

అలా జరగదు. అసలు కష్టం కరగడంలో కన్నా కట్టుకోవడంలో ఉంది. గుల్ల కట్టాలంటే జీవికి నీళ్లలోంచి కాల్షియం, కార్బనేట్ కావాలి. కాల్షియం బోలెడుంది. కార్బనేట్ దగ్గరే లోటు. కొత్తగా వచ్చిన హైడ్రోజన్ అయాన్లు ఈ కార్బనేట్‌ను పట్టుకుని బైకార్బనేట్‌గా మార్చేస్తాయి. అది గుల్ల కట్టడానికి నేరుగా పనికిరాదు. సముద్రంలో కరిగి ఉన్న కార్బన్‌లో 90 శాతం ఎలాగూ బైకార్బనేటే. కార్బనేట్ పదో వంతు కూడా ఉండదు. ఆ కొద్దిలోనే కోత.

ఇల్లు కడుతుంటే సిమెంటు బస్తా ధర పెరిగినట్టు అనుకోండి. ఇల్లు ఆగిపోదు. కానీ పిల్లల ఫీజుకు దాచిన డబ్బు గోడల్లోకి పోతుంది. ఆల్చిప్ప కూడా ఎదుగుదలకు, గుడ్లకు, రోగాలను తట్టుకోవడానికి పెట్టాల్సిన శక్తిని గుల్ల మీద పెడుతుంది. తిండి దండిగా ఉన్నచోట తట్టుకుంటుంది, లేనిచోట చిన్నదిగా, పల్చగా మిగిలిపోతుంది.

నిజంగా కరిగే పరిస్థితీ ఉంది. కార్బనేట్ ఒక మట్టం కన్నా తగ్గితే కట్టిన గుల్ల కూడా కరగడం మొదలవుతుంది. చల్లటి ధ్రువ సముద్రాల్లో, లోతుల్లో ఆ మట్టం దగ్గరపడింది. అక్కడ ఈదే రెక్కల నత్తలు, అంటే సముద్రపు సీతాకోకచిలుకలు, వాటి గుల్లల మీద గుంటలు పడటాన్ని శాస్త్రవేత్తలు చూశారు. వాటి గుల్ల అరగొనైట్ రకం. కాల్షియం కార్బనేట్ రకాల్లో అది తొందరగా కరిగేది.

పగడాలు తెల్లబడుతున్నాయని వార్తల్లో వస్తోంది. అది దీనివల్లేనా?

తెల్లబడటానికి మొదటి కారణం వేడి. నీళ్లు మామూలు కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడితో కొన్ని వారాలుంటే, పగడం తనలో కాపురముండే నాచును బయటికి తోసేస్తుంది. రంగు, తిండి రెండూ ఆ నాచు నుంచే. 2024లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇది జరుగుతోందని ప్రకటించారు. మన లక్షద్వీప్‌లోనూ ఆ ఏడాది తెల్లబడ్డాయి.

ఆమ్లీకరణ చేసే పని వేరు. తెల్లబడి బతికిన పగడం మళ్లీ కట్టుకునే వేగాన్ని అది తగ్గిస్తుంది, పాత దిబ్బను లోపలి నుంచి డొల్ల చేస్తుంది. వేడిది దెబ్బ, ఇది ఆ దెబ్బను మాననివ్వని షుగర్ జబ్బు. పగడపు దిబ్బలు సముద్రం అడుగున ఒక శాతం కన్నా తక్కువ చోటులో ఉన్నా, సముద్ర జాతుల్లో దాదాపు నాలుగో వంతు ఏదో ఒక దశలో వాటి మీద ఆధారపడతాయి.

చేపలకు ఏమవుతుంది?

పెద్ద చేపలు మొప్పల ద్వారా తమ రక్తం పీహెచ్‌ను బాగానే సర్దుకుంటాయి. గుడ్లు, పిల్లల దశ కొంచెం నాజూకు. కొన్ని జాతుల పిల్లల్లో చెవి రాళ్లు మామూలు కన్నా పెద్దగా పెరిగినట్టు ప్రయోగాల్లో తేలింది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఆమ్లత పెరిగితే క్లౌన్‌ఫిష్ వాసన పట్టలేక శత్రువు వైపే ఈదుతుందని నేను చాలా ఏళ్లు హాళ్లలో చెప్పాను. పిల్లలు నోరెళ్లబెట్టి వినేవాళ్లు. 2020లో వేరే బృందం ఆ ప్రయోగాలను పెద్ద ఎత్తున మళ్లీ చేసి చూస్తే పగడపు దిబ్బల చేపల ప్రవర్తనలో అలాంటి మార్పేమీ కనిపించలేదు. ఆ కథ ఇప్పుడు చెప్పడం మానేశాను. మీరు ఎక్కడైనా చదివితే పక్కన పెట్టండి. గుల్ల జీవుల విషయంలో సాక్ష్యం గట్టిది, చేపల ప్రవర్తన విషయంలో కాదు.

లాభపడే జీవులే లేవా?

ఉన్నాయి. సముద్రపు గడ్డి, కొన్ని రకాల నాచు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే బాగా పెరుగుతాయి. ఇటలీలోని ఇస్కియా ద్వీపం దగ్గర సముద్రం అడుగు నుంచి ఈ వాయువు సహజంగానే బుడగలుగా వస్తుంటుంది. అక్కడ గడ్డి ఏపుగా ఉంటుంది, గుల్ల జీవులు పల్చబడిపోతాయి.

నిజంగా ఎవరికైనా నష్టం జరిగిందా, లేక అంతా ల్యాబ్ మాటలేనా?

జరిగింది. అమెరికా పశ్చిమ తీరంలోని ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2000ల రెండో సగంలో ఆల్చిప్పల హేచరీల్లో, అంటే గుడ్ల నుంచి పిల్లల్ని పెంచే కేంద్రాల్లో, ఆల్చిప్ప పిల్లలు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. మొదట బాక్టీరియా అనుకున్నారు. మందులు వాడారు, ట్యాంకులు కడిగారు, ఫలితం లేదు. చివరికి చూస్తే గాలులు వీచినప్పుడు లోతు నుంచి పైకొచ్చే నీళ్లే కారణం. ఆ నీళ్లలో సహజంగానే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, దానికి మనం వదిలింది తోడయింది.

ఆల్చిప్ప పిల్ల పుట్టిన మొదటి రెండు రోజుల్లోనే తొలి గుల్ల కట్టుకోవాలి. అప్పటికి దానికి నోరు కూడా సరిగ్గా రాదు, గుడ్డులో తెచ్చుకున్న చద్దిమూటతోనే నెట్టుకురావాలి. కార్బనేట్ తక్కువున్న నీళ్లలో ఆ చద్దిమూట మధ్యలోనే అయిపోతుంది. ఇప్పుడు ఆ హేచరీలు నీళ్లను గంట గంటకూ కొలిచి, అవసరమైనప్పుడు సోడియం కార్బనేట్ కలిపి వాడుకుంటున్నాయి. ట్యాంకులో అది కుదురుతుంది.

భూమి చరిత్రలో ఇలాంటివి ముందూ జరిగాయిగా? సముద్రం తట్టుకుంది కదా?

సముద్రం తట్టుకుంది. అందులో ఉన్నవాళ్లందరూ తట్టుకోలేదు. 5.6 కోట్ల ఏళ్ల క్రితం ఇలాగే గాలిలోకి భారీగా కార్బన్ చేరింది. సముద్రం అడుగున బతికే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల జాతుల్లో మూడో వంతు నుంచి సగం దాకా అంతరించాయి. మళ్లీ మామూలు స్థితికి రావడానికి లక్ష ఏళ్లకు పైగా పట్టింది. అప్పట్లో ఆ కార్బన్ చేరడానికి కొన్ని వేల ఏళ్లు పట్టింది. మనం రెండు మూడు వందల ఏళ్లలో చేస్తున్నాం. నెమ్మదిగా అయితే అడుగున ఉన్న సున్నపు బురద కరిగి నీళ్లను సర్దుతుంది, ఈ వేగానికి అది అందుకోలేదు.

## మన తీరం, మన పళ్లెం

బంగాళాఖాతంలో ఎక్కువా, అరేబియా సముద్రంలో ఎక్కువా?

రెండింటి జబ్బులూ వేరు. అరేబియా సముద్రంలో లోతున ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉన్న పొర ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో కేరళ వైపు ఆ నీళ్లు పైకి వస్తాయి, పీహెచ్ పడిపోతుంది.

బంగాళాఖాతం మీద గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ మంచినీళ్లు పోస్తాయి. తేలికైన మంచినీళ్లు పైన దుప్పటిలా పరుచుకుంటాయి. ఉప్పుతో పాటు ఆమ్లాన్ని సర్దుకునే శక్తి కూడా ఆ పై పొరలో తగ్గుతుంది. మజ్జిగ పల్చనైతే చిన్న నిమ్మచెక్కకే పులుపు తేలినట్టు. దీనికి తోడు చలికాలంలో ఉత్తరాది మైదానాల మీది కాలుష్యం గాలిలో కొట్టుకొచ్చి తీరం దగ్గర నీళ్లలో పడుతుంది. అందులోని సల్ఫేట్లు, నైట్రేట్లు కూడా పీహెచ్ తగ్గడానికి తోడ్పడతాయని విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపించారు.

రొయ్యల ధర పెరుగుతుందా? భీమవరం చెరువులకు దెబ్బా?

దీనివల్ల ఇప్పట్లో కాదు. రొయ్య పెంకులో కైటిన్ అనే వేరే పదార్థం ఎక్కువ, కాల్షియం కార్బనేట్ దానికి తోడు మాత్రమే. అందుకే ఆల్చిప్పలంత ఇబ్బంది రొయ్యకు, పీతకు ఉండదు. పైగా వనామీ రకం రొయ్యల చెరువు పీహెచ్‌ను నిర్ణయించేది ఆ చెరువే. పొద్దున నాచు ఊపిరి పీల్చి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌తో పీహెచ్ తక్కువ, సాయంత్రానికి ఎండలో అదే నాచు ఆ వాయువును తినేసి ఎక్కువ. ఒక్క రోజులోనే అర పాయింటు అటూ ఇటూ ఊగుతుంది.

నన్నడిగితే సముద్ర ఆమ్లీకరణను పుస్తకం లేకుండా అర్థం చేసుకోగలిగింది రొయ్యల రైతులే. పొద్దునా సాయంత్రం పీహెచ్ చూడటం, పడిపోతే సున్నమో డోలమైటో చల్లడం, పెంకు మెత్తబడితే మినరల్స్ వేయడం వాళ్లకు రోజూ ఉన్న పనే. భీమవరం దగ్గర చెరువులున్న మా మేనబావకు ఈ విషయం చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. "మీ సముద్రానికి చల్లడానికి సున్నం ఎవడిస్తాడు బావా?" అన్నాడు.

చేపలు తినడం ఆపాలా? మృగశిర కార్తె వస్తోంది.

ఆపక్కర్లేదు. చేప మాంసం పుల్లబడదు, విషమూ కాదు. అసలు మృగశిర రోజు రాంనగర్ మార్కెట్‌లో ఎక్కువగా అమ్ముడుపోయే కొర్రమట్ట, రవ్వ, బొచ్చె అన్నీ మంచినీళ్ల చేపలే. సముద్రం నుంచి వచ్చేవి వంజరం, చందువా లాంటివి. వాటి ధర మీద ఇప్పుడు పనిచేస్తున్నవి డీజిల్ ఖర్చు, ఎక్కువగా పట్టేయడం, వేట నిషేధ కాలం. ఆమ్లీకరణ వంతు మెల్లగా, చేప తినే చిన్న జీవుల ద్వారా వస్తుంది.

పత్తర్‌గట్టీలో కొన్న ముత్యాలు పాడవుతాయా?

ముత్యం కూడా అరగొనైటే, పొరలు పొరలుగా. అందుకే ముత్యాల మీద సెంటు కొట్టొద్దని, వేసుకున్నాక చెమట తుడిచి పెట్టుకోమని దుకాణదారు చెబుతాడు. అది మీ మెడ మీద జరిగే ఆమ్లీకరణ.

ఇక సముద్రం సంగతి. హైదరాబాద్‌కు పేరు తెచ్చినవి ఒకప్పుడు పర్షియా సింధుశాఖ నుంచి వచ్చిన బస్రా ముత్యాలు. ఇప్పుడు మన దుకాణాల్లో ఉండేవి చాలావరకు చైనాలో మంచినీళ్ల చెరువుల్లో పెంచినవి. వాటికి సముద్రపు పీహెచ్‌తో పని లేదు.

హుస్సేన్‌సాగర్, మూసీ కూడా ఇలాగే మారుతున్నాయా?

లేదు, వాటి రోగం వేరు. మురుగుతో నాచు పెరిగిన చెరువుల్లో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటడం మామూలే, అంటే ఎదురు దిక్కు.

అయితే ఒక లింకు ఉంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో. నదులు మోసుకొచ్చే మురుగు, ఎరువులు తీరం దగ్గర నాచును పెంచుతాయి. ఆ నాచు చచ్చి అడుగున కుళ్లేటప్పుడు ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. తీరంలో ఆమ్లత స్థానికంగా పెరగడానికి ఇదొక దారి. మన నగరం మురుగులో దారిలోని బ్యారేజీలు దాటి ఎంత చేరుతుందన్నది వేరే లెక్క. కానీ శుద్ధి చేయని మురుగును ఆపడం స్థానికంగా చేతిలో ఉన్న పని.

హైదరాబాద్‌లో సముద్రాన్ని చూసేవాళ్లెవరైనా ఉన్నారా?

ఉన్నారు. మా స్కూల్‌కు దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో! ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, 1999 నుంచి ఉంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేది, చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో మత్స్యకారులకు చెప్పేది, పగడాలకు వేడి ముప్పు ఉందని హెచ్చరించేది ఇక్కడి నుంచే. ఆర్గో బోయాల సమాచారానికి మన దేశ కేంద్రం కూడా ఇదే. ఆ బోయాలు వెయ్యి మీటర్ల లోతున తేలుతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల దాకా మునిగి, పైకొచ్చి ఉపగ్రహానికి కబురు పంపుతాయి. కొత్త రకం వాటిలో కొన్నింటికి పీహెచ్ కొలిచే పరికరం కూడా ఉంటుంది. సముద్రం మట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తున కూర్చుని సముద్రం నాడి చూడటం చిత్రంగా అనిపిస్తుంది గానీ, ఉపగ్రహం నుంచి వచ్చే కబురుకు ఒడ్డైతేనేం, గుట్టైతేనేం.

## ఏం చేయొచ్చు అనే ప్రశ్నలు

సముద్రంలో సున్నం పోసేస్తే సరిపోదా?

కెమిస్ట్రీ ప్రకారం సరైన ఆలోచనే. దీని మీద చిన్న స్థాయి ప్రయోగాలూ జరుగుతున్నాయి. చిక్కు లెక్కల్లో ఉంది. సున్నం రావాలంటే సున్నపురాయిని కాల్చాలి. టన్ను రాయి కాలిస్తే, ఇంధనం పొగ కాకుండానే, రాయిలోంచి 440 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నల్గొండ, సూర్యాపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో జరిగేది ఇదే. బట్టీలో పుట్టే ఆ వాయువును పట్టి దాచకపోతే, సముద్రంలో వచ్చే లాభంలో సగానికి పైగా అక్కడే ఆవిరి.

ఇక పరిమాణం. ఏటా సముద్రం మింగేదానికి సరిపడా సున్నం కావాలంటే ఇప్పుడున్న ప్రపంచ సిమెంటు పరిశ్రమ మొత్తం కన్నా పెద్ద పరిశ్రమ కావాలి. ఆ సున్నం పోసే చోట నీళ్లు ఒక్కసారిగా ఘాటెక్కితే అక్కడి జీవులకు అదో గండం. హేచరీ ట్యాంకుకు, చిన్న అఖాతానికి పనికొచ్చే మందు ఇది.

ఎండను అద్దాలతో, ధూళితో వెనక్కి పంపే ఉపాయాలున్నాయట కదా?

అవి పనిచేసినా వేడి మీదే పనిచేస్తాయి. గాలిలో వాయువు అలాగే ఉంటుంది, సముద్రం మింగుతూనే ఉంటుంది.

ఈ రోజే పొగ ఆపేస్తే సముద్రం ఎప్పటికి బాగవుతుంది?

పై పొర గాలిని అనుసరిస్తుంది. గాలిలో వాయువు తగ్గడం మొదలైతే కొన్ని దశాబ్దాల్లో పైన కొంత మెరుగు కనిపిస్తుంది. కానీ ఇప్పటికే మింగింది లోతుకు దిగుతోంది, సముద్రం ఒకసారి అడుగు నుంచి పైదాకా కలవడానికి వెయ్యేళ్ల దాకా పడుతుంది. పూర్తిగా పాత స్థితి అంటే వేల, పదివేల ఏళ్ల మాట. ఆలస్యమైన కొద్దీ లోతుకు చేరేది పెరుగుతుంది కాబట్టి 'ఎలాగూ చెడిపోయింది' అనే వాదన నాకు ఒప్పదు.

చేసిందంతా అమెరికా, చైనా. మనమేం చేశాం?

లెక్క ప్రకారం మీ కోపం న్యాయమే. తలసరి చూస్తే మనం ఏడాదికి 2 టన్నుల దరిదాపు, అమెరికా 14, చైనా 8. పాత బాకీ చూస్తే ఐరోపా, అమెరికాలదే సింహభాగం. అయితే మొత్తం చూస్తే మనది మూడో స్థానం. అందరి సగటులో గచ్చిబౌలిలో రెండు కార్లున్న ఇల్లు, ఆదిలాబాద్‌లో బండి కూడా లేని ఇల్లు కలిసి ఉన్నాయన్నది మరిచిపోకూడదు. 2 టన్నుల సగటు వెనక మనలో కొందరం దాక్కుంటున్నాం.

నా కారు నుంచి సముద్రంలోకి ఎంత వెళ్తుంది?

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారులో విజయవాడ వెళ్తే 18 లీటర్లు, అంటే 42 కిలోల దాకా. అందులో నాలుగో వంతు, పది కిలోలు, సముద్రం వాటా. నలుగురు కలిసి వెళ్తే తలా రెండున్నర కిలోలు. రైలెక్కితే ఇంకా తక్కువ.

## ప్రాజెక్టు చేసే పిల్లలు అడిగేవి

ఆన్‌లైన్‌లో కొన్న పీహెచ్ పెన్‌తో సూర్యలంక నీళ్లు కొలిచి మార్పు చూపించొచ్చా?

కొలవండి, సరదాగా ఉంటుంది. మార్పు మాత్రం దొరకదు. సముద్రం పీహెచ్ ఏడాదికి దాదాపు 0.002 తగ్గుతోంది. మీ పెన్ను 0.1 అటూ ఇటూ తప్పు చూపిస్తుంది, అంటే యాభై ఏళ్ల మార్పు ఆ తప్పులోనే కలిసిపోతుంది. శాస్త్రవేత్తలు రంగు మారే ప్రత్యేకమైన రసాయనాన్ని కలిపి, దాన్ని కాంతితో చదివి 0.001 దాకా పట్టుకుంటారు. పైగా బాటిల్‌లో నింపి బాపట్ల నుంచి హైదరాబాద్ తెచ్చేలోపే నీళ్లు మారిపోతాయి.

ఇంట్లో చేసి చూపించే ప్రయోగం ఏదైనా చెప్పండి.

ఊదారంగు క్యాబేజీ ముక్కల్ని ఉడికించి ఆ నీళ్లు వడకట్టండి. రెండు గ్లాసుల ఉప్పునీళ్లలో వంటసోడా చిటికెడు చొప్పున వేసి, ఆ రంగునీళ్లు కలపండి. నీలిరంగు వస్తుంది. ఒక గ్లాసులో స్ట్రా పెట్టి కొన్ని నిమిషాలు ఊదండి. పీల్చొద్దు. రంగు ఊదా వైపు జరగడం పక్క గ్లాసుతో పోలిస్తే తెలుస్తుంది. వంటసోడా ఎక్కువైతే ఎంత ఊదినా కదలదు. ఆ మొండితనం కూడా పాఠమే, సముద్రం ఇన్నేళ్లు తట్టుకున్నది అలాగే. పసుపుతో ప్రయత్నించొద్దు. పారాణిలో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది గానీ ఈ చిన్న తేడాకు పసుపు చలించదు.

జడ్జీలు అడగకముందే ఒక మాట మీరే చెప్పండి: మన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాకా ఉంటుంది, బయటి గాలిలో కన్నా దాదాపు వంద రెట్లు. గ్లాసులో అయిదు నిమిషాల్లో కనిపించింది సముద్రంలో ఆ వేగంతో జరగదు. గుడ్డును వెనిగర్‌లో వేసి పెంకు కరిగించే ప్రయోగం కూడా చాలామంది పెడతారు. వెనిగర్ పీహెచ్ 2.5, సముద్రానిది 8. గుడ్డు పెట్టదలిస్తే పక్కన ఈ రెండు అంకెలూ పెద్దక్షరాల్లో రాసి పెట్టండి.